లోపం ముందు, పేరు తర్వాత

మహిపాల్ పెన్ను మూత తీసి ముందుకు చాచాడు. సరోజన అందుకోలేదు. కిందటివారం మనం ఆ బల్ల దగ్గరే ఆగిపోయాం. వారం రోజులుగా ఆ చెయ్యి అలా చాచే ఉంది పాపం. దానికి నొప్పి పుట్టేలోగా కథలోకి పోదాం.

మధ్యలో వచ్చినవాళ్ళ కోసం నాలుగు మాటలు. కోరుట్ల బస్టాండు వెనక పార్సిల్ ఆఫీసు సరోజనది. రెండు వ్యాన్లున్నాయి. పొద్దున్నే ఒకటి కోరుట్లలో, ఒకటి సిరిసిల్లలో బయలుదేరి జగిత్యాలలో ఎదురుపడతాయి. వాటికి సరుకు ఇచ్చేవాళ్ళలో ఎక్కువమంది జగిత్యాల వ్యాపార మిత్రమండలి సభ్యులు. ప్రతి గురువారం పొద్దున ఏడింటికి ఒక ఫంక్షన్ హాలు మేడ మీద ఇరవై నలుగురు కూడతారు. ఇడ్లీ తింటారు. ఒక్కొక్కరూ లేచి నిమిషంలో తమ పనేమిటో చెప్పుకుంటారు. తర్వాత, "మా గల్లీల ఫలానాయన ఇల్లు కడుతున్నడు, పోయి కలువు" అంటూ ఒకరికొకరు పరిచయ చీటీలు ఇచ్చుకుంటారు. వారానికి రెండు చీటీలు తేనివాణ్ణి నలుగురిలో నిలబెట్టి చప్పట్లు కొట్టే మర్యాద కూడా ఉంది. ఆ మర్యాదకు భయపడి ఒకే పెళ్ళిని ముగ్గురు మూడు వారాలు రాశారన్న సంగతి అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

ఇక సరోజన చేసిన నేరం. ఆమె ఎవరినైనా పరిచయం చేసేటప్పుడు లోపం ముందు చెబుతుంది, పేరు తర్వాత చెబుతుంది. జగిత్యాలలో నర్సింగు చదివే ఆడపిల్లలకు హాస్టల్ నడిపే ఆనంద్, కొత్తగా వేసిన అంతస్తుకు చద్దర్లూ దిండు గలేబులూ కావాలని అడిగితే ఇలా చెప్పింది.

"తంగళ్ళపల్లిల ఒకామె ఉన్నది సార్. తారీఖుకు మాత్రం ఇయ్యది. అడిగినోళ్ళందరికీ 'అయితది' అంటది. ఆమె చెప్పిన తారీఖుకు అయిదు దినాలు కలుపుకో. కుట్టు అంటవా, పట్టి గుంజి సూడు, ఒక్క పోగు ఊడదు. పన్నెండు మిషిన్లున్నయి. పేరు రజిత."

ఈ మాట చెవులు మారి మండలి అధ్యక్షుడు మహిపాల్ దాకా వచ్చింది. ఆయన కాగితం రాయించాడు. ఇకముందు ఎవరిని పరిచయం చేసినా మంచి మాత్రమే చెబుతానని, ఇన్నాళ్ళూ లోపాలెంచి మండలి పరువు తీసినందుకు క్షమించమని అందులో ఉంది. సంతకం పెడితే కుర్చీ ఉంటుంది. పెట్టకపోతే చేతులెత్తించి తీసేస్తారు. తీసేస్తే సభ్యుల సరుకు వేరేవాళ్ళ బండెక్కుతుంది, సరోజన వ్యాన్లు గాలి మోసుకుంటూ తిరుగుతాయి. ఇరవై ఏళ్ళ కష్టం ఈ పెన్ను దగ్గరికొచ్చి నిలబడింది.

"జర పెట్టక్కా, ఇడ్లీలు సల్లారుతున్నయి," అన్నాడు మహిపాల్.

ఈయనకు జగిత్యాలలో టైల్స్ షోరూం ఉంది. మాట మెత్తన. ఎవరినైనా కొయ్యదలుచుకున్నప్పుడు 'అక్కా' అనో 'అన్నా' అనో మొదలుపెడతాడు. అందుకని ఆయన నోట వరస వినబడగానే తెలిసినవాళ్ళు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంటారు.

సరోజన కాగితాన్ని తన వైపు లాక్కుని, అద్దాలు పెట్టుకుని, పైనుంచి కిందిదాకా మరోసారి చదివింది. తొందరేమీ పడలేదు.

"ఒకటి అడుగుత చెప్పు మహిపాల్. గీ కాగితం రజిత గురించి చెప్పినందుకా, నీ టైల్స్ గురించి చెప్పినందుకా?"

హాల్లో ఎవరో దగ్గారు. అది దగ్గు కాదని అందరికీ తెలుసు. రెండు నెలల కింద రాయికల్ నుంచి ఇల్లు కట్టుకునే ఒకాయన వచ్చి టైల్స్ ఎక్కడ కొనాలని అడిగితే, సరోజన మహిపాల్ షోరూం పేరే చెప్పింది. కాకపోతే, "లెక్క ఏసేటప్పుడు నాలుగు డబ్బాలు ఎక్కువ రాస్తడు, మిగిలితే వాపస్ తీస్కుంటవా అని ముందే అడుగు" అని ఒక ముక్క తగిలించింది. ఆయన పోయి అడిగాడు. ఆయన బామ్మర్ది అడిగాడు. ఇప్పుడు షోరూంలో కాలు పెట్టిన ప్రతివాడూ రంగు అడగడానికి ముందు వాపస్ సంగతే అడుగుతున్నాడు. మహిపాల్‌కు నిద్ర పట్టకపోవడంలో వింతేమీ లేదు.

"నా సంగతి ఇడిసిపెట్టక్కా," అన్నాడు మహిపాల్ నవ్వు చెదరనీయకుండా. "నేను ఓర్సుకుంట. గని ఓ ఆడిపిల్ల కష్టపడి పన్నెండు మిషిన్లు పెట్టుకుంటే, ఆమె కడుపు మీద కొట్టినవ్. ఆ మాట నేననుడు కాదు, ఆమెనే అంటది. రజితా, లేచి చెప్పమ్మా."

వెనక వరసలో రజిత లేచి నిలబడింది. ముప్పై ఏళ్ళుంటాయి. తెల్లవారుజామున తంగళ్ళపల్లిలో బస్సెక్కి వచ్చినట్టుంది, కొంగుకు ఇంకా దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. ఆమెను పిలిపించారని సరోజనకు తెలియదు. మండలి మొత్తం నిలబడి తిట్టినా పడేదేమో కానీ, ఈ పిల్ల కళ్ళలోకి చూడటం ఆమెకు కష్టమైంది.

"అన్నది నిజమే," అంది రజిత. "నేను తారీఖు తప్పుత. ఒక్కదాన్నే కత్తిరియ్యాలె, ఒక్కదాన్నే మూట కట్టాలె, ఎవ్వరికీ కాదనలేను. గని అక్కా, గా మాట నాతోటి అనొచ్చు కద. నా తప్పు నాకంటె ముందు ఊరికి ఎట్ల చెప్పినవ్? ఎవరో ఫోన్ చేసి 'నీ గురించి సరోజనక్క గిట్ల చెప్పిందట' అంటే, ఆ పూట నాకు బువ్వ పోలె."

మహిపాల్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు, పని అయిపోయినట్టే.

సరోజన అద్దాలు తీసింది. లేచి, కుర్చీల మధ్యనుంచి నడుచుకుంటూ రజిత దాకా వెళ్ళింది.

"తప్పే చెల్లె," అంది. "నేను అన్నది తప్పు గాదు. నీకు చెప్పకుంట అన్నది తప్పు. ఆనంద్ సార్‌కు చెప్పే ముందు నీకు ఫోన్ చెయ్యాలె. 'నీ గురించి గిట్ల చెప్తున్న, చెప్పన్నా వద్దా' అని అడగాలె. అడగలె. నేను పెద్దదాన్ని, నాకు అందరు ఎరికే అనే పొగరు. ఇగముంగట అట్ల చెయ్య. అందరి ముందట అడుగుతున్న, నన్ను మాఫ్ చెయ్యి."

రజిత ఇది అనుకోలేదు. తల ఊపి, కళ్ళు తుడుచుకుంది.

"మంచిది," అన్నాడు మహిపాల్. "మాఫ్ అడిగినవ్ కద. గదే కాగితం మీద పెట్టు."

"రజితను అడిగిన. నిన్ను గాదు," అంది సరోజన. "గీ కాగితంల రజితకు చెప్పి చెప్పాలె అని లేదు. ఎవ్వరికీ ఎన్నడూ చెప్పొద్దు అని ఉన్నది. రెండు ఒకటేనా?"

ఈ మొండితనం ఎక్కడిదని అడిగేవాళ్ళకు చెబుతున్నాను. సరోజన తండ్రి ఆగయ్య రాయికల్లో కల్లు గీసేవాడు. తాగడానికి ఎవరొచ్చినా కల్లు లొట్టి చూపించి, "ఇది నిన్నటిది, తలకాయ నొస్తది. గది పొద్దుగాల దించింది, కొంచెమే ఉన్నది" అని ముందే చెప్పేవాడు. పక్క కల్లు మండువాల వాళ్ళు ఆయన్ని పిచ్చోడనేవారు. అయినా పెళ్ళికో పండక్కో కల్లు కావలసినవాడు ఆగయ్యను వెతుక్కుంటూనే వచ్చేవాడు. నిన్నటి లొట్టిని నిన్నటిదని చెప్పినవాడు, పొద్దుటిదని చెప్పినప్పుడు నమ్మొచ్చు కదా. ఇంత చిన్న లెక్క మిత్రమండలికి ఎందుకు అందలేదో నాకు అర్థం కాదు. చప్పట్ల మోతలో వినబడలేదేమో.

ముందు వరసలో ఖుర్షీద్ ప్లేటు కింద పెట్టాడు. కోరుట్లలో పరుపుల దుకాణం ఆయనది, అరవై దాటాయి. ఎప్పుడూ సభలో నోరు విప్పడు.

"మహిపాల్ భాయ్, నేను ఒక్క మాట చెప్త," అన్నాడు నెమ్మదిగా. "నా గురించి కూడ సరోజన బహెన్ చెప్పింది. ఏం చెప్పింది? పరుపు కుడితే పదేండ్లు ఉంటది, గని మధ్యాన్నం రెండు నుంచి నాలుగు దాకా దుకాణం తెరిచి ఉంటది, మనిషుండడు, ఫోన్ ఎత్తడు, నాలుగు దాటినంకనే పోండ్రి అని. ఇన్నప్పుడు నాకు కోపమొచ్చింది. తర్వాత సోంచాయించిన. నిజమే కదా. ఇంట్ల నా భార్య జులేఖాబీకి పానం బాగుండదు. ఆ రెండు గంటలు ఆమెకు నేనే తినిపియ్యాలె, నేనే పండబెట్టాలె. ఇదివరకు రెండింటికి గిరాకీ వచ్చి, సూసి, తిట్టుకుంట పోయేటోళ్ళు. ఇప్పుడు నాలుగింటికి వస్తున్నరు, నవ్వుకుంట. నా లోపం చెప్పింది, నా ఇజ్జత్ పోలె. బచ్ గయీ, నిలబడ్డది."

జులేఖాబీ మంచాన పడ్డ సంగతి ఆ హాల్లో ఎవరికీ తెలియదు. మూడేళ్ళుగా ప్రతి గురువారం ఆయన పక్కన కూర్చుని ఇడ్లీ తిన్నవాళ్ళకీ తెలియదు. సరోజనకూ తెలియదు. ఆమె చటుక్కున తలెత్తి ఆయన వైపు చూసింది.

"భాయ్, నీది పెద్ద మనసు. కూసో," అన్నాడు మహిపాల్. ఈసారి నవ్వులో కొంచెం ఆయాసం ఉంది. "సరోజనక్కా, ఇను. ఇది ధర్మసత్రం కాదు, వ్యాపారం. నువ్వు నాలుగు లోపాలు చెప్పి ఒక్క పేరు చెప్తవ్. మేము ఒక్క మాట చెప్తం. 'మనోడే' అంటం. అయిపోతది. ఆ ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోతది?"

సరోజన మళ్ళీ తన కుర్చీ దగ్గరికొచ్చి, దాని వీపు పట్టుకుని నిలబడింది.

"పోయింది," అంది. "చెప్త ఇను. మల్లాపూర్ల వెంకటవ్వ అని ఉన్నది. ఎనిమిదేండ్ల కింద ఇల్లు కట్టుకుందామని, 'మంచి మేస్త్రి ఉంటే చెప్పు బిడ్డా' అని నా ఆఫీసుకు వచ్చింది. నాకు ఎరికైన మేస్త్రి ఉన్నడు. గోడ మంచిగ కడతడు. స్లాబ్ ఏసినంక నీళ్ళు పట్టుడు దగ్గర బద్ధకం చేస్తడు. నాకు తెలుసు. చెప్తే ఆయనకు కోపమొస్తదని, చుట్టరికం చెడుతదని, నువ్వు చెప్పిన ఒక్క మాటనే అన్న. 'మనోడే అవ్వా, ఫికర్ చెయ్యకు' అన్న. రెండో వానకు ఇల్లు కురిసింది. బియ్యం డ్రమ్ముల నీళ్ళు నిండినయి. నేను పోయి ఆమె ముంగట తలకాయ వంచుకొని నిలబడ్డ. తిడుతదనుకున్న. తిట్టలె. 'ఆ మేస్త్రి నాకు తెల్వనే తెల్వదు బిడ్డా, ఆయన్ను నేను నమ్ముడేంది. నేను నిన్ను నమ్మిన' అన్నది."

ఆగింది. చేతిలోని అద్దాలు మడిచి బల్ల మీద పెట్టి మళ్ళీ అందుకుంది.

"ఇప్పటికీ వాన పడితే నేను పండుకోను మహిపాల్. ఆమె ఇల్లు యాదికొస్తది. పరిచయం అంటే చీటీ రాసి డబ్బాల ఏసుడు కాదు. నేను ఒకలి పేరు చెప్తే, రేపు ఆడ ఏం జరిగినా నేను కూడ ఆడ ఉన్నట్టే. అందుకని ఉన్నది ఉన్నట్టు చెప్త. ఎవ్వరి పేరు చెప్పాల్నో, ఎట్ల చెప్పాల్నో మీరు రాసిస్తే నేను సదువ. నా నోరు నా వ్యాను కాదు, మీ సరుకు ఎక్కిచ్చుకొని తిరగనీకె."

కాగితాన్ని రెండు వేళ్ళతో మహిపాల్ వైపు తోసింది.

"సంతకం పెట్ట. చేతులెత్తుకోండ్రి."

నేను గనక ఆ హాల్లో ఉంటే లేచి ఒక ఈల వేసేవాణ్ణి. కానీ ఉన్నవాళ్ళకు పెళ్ళాం పిల్లలున్నారు, టైల్స్ కావాలి, చీటీలు కావాలి. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అటూ ఇటూ తేలని మొహాలు సగానికి పైనే ఉన్నాయి. మహిపాల్ ఆ మొహాల్ని లెక్కపెట్టాడు. ఇప్పుడు చేతులెత్తిస్తే ఎటు లేస్తాయో నమ్మకం లేదు. ఆయన తెలివైనవాడు, చేతులెత్తించలేదు. జేబులోంచి ఫోను తీశాడు.

"సరే అక్కా. పరిచయం ఎట్ల చెయ్యాల్నో అందరు సూస్తరు," అని, తన పక్కన కూర్చున్న కుర్రాడి భుజం మీద చెయ్యేశాడు. "మా బామ్మర్ది సాయికిరణ్. సిరిసిల్లల చద్దర్లు, తువ్వాలలు కుట్టిస్తడు. ఇయ్యాళ కొత్తగ మండలిల చేరుతున్నడు. ఆనంద్ హాస్టల్ ఆర్డర్ ఒక్క ఫోన్‌తోటి ఎట్ల వస్తదో సూడుండ్రి."

సాయికిరణ్‌కు ఇరవై ఎనిమిదేళ్ళు. ఇస్త్రీ చొక్కా, దాని మీద 'అతిథి' అని రాసిన అట్టముక్క. బావ చెయ్యి భుజం మీద పడగానే కూర్చున్నచోటే కొంచెం కుంగాడు.

మా వైపు పరిచయమంటే ఇదే. ముందూ వెనకా చూడకుండా ఫోను కలపడం, 'ఇగో, మనోడు మాట్లాడుతడు' అని చేతిలో పెట్టేయడం. అవతలివాడు అన్నం దగ్గరున్నాడో ఆస్పత్రిలో ఉన్నాడో అడిగే పని లేదు. ఇవతలివాడికి ఎవరితో మాట్లాడుతున్నాడో తెలియదు. అయినా ఇద్దరూ 'ఆఁ అన్నా, నమస్తే అన్నా' అనుకుంటారు. మహిపాల్ ఇంకో మెట్టెక్కి స్పీకర్ కూడా పెట్టాడు.

"ఆనంద్, నేను మహిపాల్‌ను. కొత్త అంతస్తు చద్దర్లు కూడ మన సాయికిరణ్‌కే ఇచ్చెయ్యి. పాత అంతస్తుకు రెండేండ్ల సంది ఆయనే ఇస్తున్నడు కద. మనోడే."

"మనోడే అనే తీసుకున్నన్నా," ఆనంద్ గొంతు హాలంతా వినబడింది. "ఆరు నెలలకే పలచబడుతున్నయి. పిల్లలు అడుగుతనే ఉన్నరు. అయినా సిరిసిల్ల ఆడోళ్ళు కుట్టినయి, నాలుగిండ్లు బతుకుతయని ఊకున్న. ఈసారి సరోజనమ్మను అడిగితే ఇంకొకామె గురించి చెప్పింది."

"సరోజనక్క మా సభ్యురాలే. ఈడనే నా పక్కన ఉన్నది."

"ఉన్నదా? అయితే ఫోన్ ఆమెకియ్యన్నా. సాయికిరణ్ గురించి ఆమెనే చెప్పనియ్యి. ఆమె మంచోడంటే ఇప్పుడే ఇచ్చేస్త, మల్ల అడగ."

మహిపాల్ ఒక క్షణం ఆగాడు. తర్వాత ఆ క్షణం కూడా ఎందుకు ఆగానా అన్నట్టు నవ్వి, ఫోను సరోజన చేతిలో పెట్టాడు. ఆ నవ్వు వెనక ఒక ధీమా ఉంది. ఆ ధీమా ఏమిటో హాల్లో ముగ్గురికే తెలుసు. మహిపాల్‌కు, సాయికిరణ్‌కు, సరోజనకు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

సాయికిరణ్ దగ్గర ఒక్క కుట్టు మిషన్ కూడా లేదు. చద్దర్లు ఎక్కడో వేరే రాష్ట్రంలో యంత్రాల మీద తయారై, బేళ్ళ కొద్దీ లారీలో జగిత్యాల వస్తాయి. అక్కణ్ణించి సరోజన వ్యాను వాటిని సిరిసిల్లలో సాయికిరణ్ గోదాముకు చేరుస్తుంది. అక్కడ పైసంచి మారి, 'సిరిసిల్ల ఆడపడుచుల చేతి కుట్టు' అని చీటీ అంటుకుంటుంది. మర్నాడు అదే వ్యాను అవే చద్దర్లను మళ్ళీ జగిత్యాలకు మోసుకొచ్చి ఆనంద్ హాస్టల్లో దించుతుంది. రెండేళ్ళ కింద ఒక బేలు వానకు తడిసి చినిగితే, సరోజన తన చేతులతో విప్పి ఆరబెట్టి కట్టింది. అప్పుడు లోపల మిల్లు ముద్ర చూసింది. ఆ సంగతి సాయికిరణ్‌కూ, అతని నోట మహిపాల్‌కూ తెలుసు.

చూసి ఊరుకుంది. ఎందుకంటే పార్సిల్ పనికి ఒకటే ధర్మం. మోసేవాడు మూటలో ఏముందో చెప్పకూడదు. ఎవడు ఎక్కడ కొంటున్నాడో, ఎవడికి పంపుతున్నాడో బయటికి పొక్కితే ఆ బండి మీద ఎవడూ సంచి వెయ్యడు. ఈ హాల్లో ఉన్న ప్రతి వ్యాపారి సరుకూ ఆమె చేతుల మీదుగా పోయిందే. చెబితే ఇరవై నలుగురి నమ్మకం పోతుంది. 'మనోడే' అంటే ఇంకో ఇల్లు కురుస్తుంది. మహిపాల్ ఎందుకు నవ్వాడో తెలిసింది కదా. ఆమె ఎటు పోయినా ఆయనదే గెలుపు.

ఫోను చేతిలో వేడిగా ఉంది. సరోజనకు కోపం వచ్చింది. మహిపాల్ మీద కాదు, తన మీద. ఇన్నేళ్ళూ అందరి లోపాలూ చెప్పి, ఈ ఒక్క మూట దగ్గర మాత్రం ధర్మం అడ్డం పెట్టుకుని హాయిగా కిరాయి తీసుకున్న తన మీద.

"నమస్తే సార్. సరోజనను," అంది. "మీరు అడిగిండ్రు, నేను చెప్పాలె. గని నేను ఆయన సరుకు మోస్త. మోసేదాన్ని, మూటల సంగతి చెప్పొద్దు. సాయికిరణ్ నా ముంగటనే ఉన్నడు. ఆయన గురించి ఆయననే చెప్తడు."

ఫోను సాయికిరణ్ వైపు చాచింది.

"ఇగో తమ్మీ. నీ దాంట్ల ఏమన్న లోపముంటే నువ్వే చెప్పు. నేను చెప్తే చాడీ అయితది. నువ్వు చెప్తే నీ మాటకు విలువ ఉంటది. లోపమే లేదంటవా, అదన్నా నా కండ్లల్లకు సూసుకుంట చెప్పు."

"వానికేం లోపం," మహిపాల్ లేచాడు. "అక్కా, ఫోన్ ఇటియ్యి."

సరోజన చెయ్యి కదల్లేదు. సాయికిరణ్ బావను చూశాడు. సరోజనను చూశాడు. అప్పుడు అనుకోకుండా వెనక్కి తిరిగి, కొంగుకు దారప్పోగులతో ఇంకా నిలబడే ఉన్న రజితను చూశాడు. తన చీటీ మీద రాసుకున్న ఆడపడుచు ఎలా ఉంటుందో అతను మొదటిసారి చూసినట్టుంది. చెవులు ఎర్రబడ్డాయి.

"సార్," అన్నాడు. ఫోను వైపు వంగి మళ్ళీ అన్నాడు. "సార్, మాకు మిషిన్లు లేవు. ఈడ ఎవ్వరు కుట్టరు. బయటికెల్లి తెప్పిచ్చి చీటీ అంటిస్తం."

ఖుర్షీద్ నోట 'యా అల్లా' అని చిన్నగా వచ్చింది. మహిపాల్ నిలబడ్డవాడు కుర్చీ వీపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తన ఫోన్లోంచి తన ఇంటి గుట్టు బయటపడుతుంటే ఆయనకు ఆపే దారి కనబడలేదు.

అవతల ఆనంద్ ఇక సాయికిరణ్‌తో మాట్లాడలేదు.

"సరోజనమ్మా, ఇది నీకు ముందే ఎరికేనా?"

మహిపాల్ మొహంలోకి మళ్ళీ కొంచెం రక్తం వచ్చింది. ఆయన నెమ్మదిగా కుర్చీ వీపు వదిలాడు.

"ఆ చద్దర్లు మా గేటు కాడ దించింది నీ వ్యానే కద," ఆనంద్ గొంతు పెరగలేదు, అది ఇంకా కష్టంగా ఉంది. "రసీదు మీద సంతకం నీదే కద. మా పిల్లలు పలచబడ్డ చద్దర్లు కప్పుకొని పండుకుంటున్నరు. ఊర్ల అందరి లోపాలు చెప్తవని నేను నీ మాట మీద పోతున్న. మరి గిది నాకెందుకు చెప్పలె?"

"బహెన్," ఖుర్షీద్ గుసగుసగా అన్నాడు. "స్పీకర్ బంద్ చేస్కో. బయటికి పోయి మాట్లాడు."

"ఉండనియ్యి భాయ్," అంది సరోజన. "అందరియి అందరి ముంగట చెప్పిన. నాది మాత్రం బయటికి పోయి చెప్పన్నా?"

ఫోనును నోటి దగ్గరికి తెచ్చుకుంది. మోసేవాళ్ళ ధర్మం గురించి చెప్పొచ్చు. అది అబద్ధమూ కాదు. కానీ అది పూర్తి నిజం కాదని ఆమెకు తెలుసు.

"ఎరికే సార్. రెండేండ్ల సంది ఎరికే. మూట సంగతి చెప్పొద్దన్నది ఒక ముచ్చట. సాయికిరణ్ సరుకు నాకు వారానికి మూడు దినాలు ఉంటది, పోతే ఎట్ల అన్నది ఇంకో ముచ్చట. రెండోదే పెద్దది. నోరు మూసుకున్న."

రజిత ఆమె వైపే చూస్తోంది. ఆ చూపులో జాలి ఉందో కోపం ఉందో సరోజన చూసుకోలేదు. సమాధానం కోసం చెవి ఒగ్గి నిలబడింది.

"పాత అంతస్తుల ఒక చద్దర్ తీస్కొని నేనే వస్తున్న," అన్నాడు ఆనంద్. "పది నిమిషాలు పడుతది. హాల్ల ఉన్నోళ్ళు ఎవ్వరు లేవొద్దని చెప్పు."

ఫోను పెట్టేశాడు. మహిపాల్ అప్పటికే బల్ల మీది కాగితం మడిచి జేబులో పెట్టుకుని, బామ్మర్ది మోచెయ్యి పట్టుకుని, తలుపు దాకా పోయాడు. సరోజన తన కుర్చీని బరబరా ఈడ్చుకుంటూ వెళ్ళి, ఆ తలుపుకు అడ్డంగా వేసుకుని కూర్చుంది.

"కూసో మహిపాల్," అంది. "నేను కూడ కూసుంట. నాకు పడేది నాకు పడుతది, నీకు పడేది నీకు పడుతది."